తప్పు డిస్కుది కాదు

ఇది 2012 వేసవి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన సంగతి. అప్పుడు మేము తెనాలిలో ఉండేవాళ్ళం. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా చెల్లెలు నాలుగో తరగతి.

మా ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు ఉండేవి. నాన్న దాన్ని 2007లో కొన్నారు. దుమ్ము పడకుండా అమ్మ పాత చీరతో దానికి ముసుగు కుట్టింది. నాకూ చెల్లెలికీ అది ఆటల పెట్టె. నాన్న దాని మీద ఆఫీసు లెక్కలు చూసుకునేవారు. అమ్మకు మాత్రం అది భోషాణం వంటిది. ఎందుకంటే అందులో అమ్మమ్మ పాటలు ఉన్నాయి.

మా అమ్మమ్మకు చదువు రాదు. కాని ఆమెకు వచ్చినన్ని పాటలు ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. లాలిపాటలు, నలుగుపాటలు, అప్పగింతల పాటలు, తిరగలి తిప్పుతూ పాడేవి, ఊడ్పుల్లో పాడేవి, ఏది అడిగినా పాడేది. ఇవన్నీ ఆమెతోనే పోతాయేమోనని అమ్మకు బెంగ. అందుకని 2010లో చేతిలో ఇమిడే చిన్న రికార్డరు ఒకటి కొన్నది. ఊరు వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ పక్కన కూర్చుని నాలుగైదు పాటలు పాడించేది. రికార్డరులో ఎక్కువ పట్టవు. అందుచేత ఇంటికి రాగానే పాటలను కంప్యూటరులోకి ఎక్కించి, రికార్డరును ఖాళీ చేసి ఉంచాలి. ఆ పని నాది.

అలా 41 పాటలు చేరాయి. 2012 సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకు అమ్మమ్మ పోయింది.

ఆ ఏప్రిల్‌లో మా కంప్యూటరు వింత వేషాలు వెయ్యసాగింది. పని చేస్తూ చేస్తూ తెర అంతా నీలంగా మారి, తెల్లని అక్షరాలు కనిపించి ఆగిపోయేది. నాన్న దాచుకున్న లెక్కల ఫైలు ఒకటి తెరుచుకోలేదు. ఒకరోజు తాతయ్య షష్టిపూర్తి ఫోటో తెరిస్తే పై సగం బాగానే ఉన్నది గాని, కింది సగమంతా బూడిద పూసినట్టు ఉన్నది. తాతయ్య ముఖం ఉన్నది, పట్టుపంచె లేదు! చెల్లెలు పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. "పాటలు? పాటలు ఉన్నాయా?" అన్నది.

కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నుంచి ఒకాయన వచ్చి చూసి, "హార్డ్ డిస్కు పోతున్నదండీ. కొత్తది వేసుకోండి. పాతదాన్ని ఫార్మాట్ చేసి మాకు ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తాం" అన్నాడు. ఫార్మాట్ చెయ్యడమంటే డిస్కును తుడిచి కొత్త పుస్తకంలా సిద్ధం చెయ్యడం.

విశాఖపట్నంలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసే మా మామయ్యను నాన్న ఫోనులో సలహా అడిగారు. మామయ్య అన్నీ విని, "ఫోను వాడికి ఇవ్వండి బావగారూ" అన్నాడు. నేను తీసుకున్నాను.

"ఒరే, గోలలన్నీ ఎప్పటి నుంచి మొదలయ్యాయో ఆలోచించు. దానికి ముందు పెట్టెలో ఏమైనా మార్చావా?"

"లేదు మామయ్యా" అన్నాను.

అది అబద్ధం. ఎందుకు ఆడానో కాసేపట్లో చెబుతాను.

నాన్న కొత్త డిస్కు కొన్నారు. అప్పుడు డిస్కుల ధరలు మండిపోతున్నాయి. 2011 చివర థాయ్‌లాండ్‌లో పెద్ద వరదలు వచ్చి, హార్డ్ డిస్కులు తయారుచేసే కర్మాగారాలు నీటమునిగాయి. ఎక్కడో వరద వస్తే తెనాలిలో మా నాన్న జేబుకు చిల్లు పడింది. 4,500 రూపాయలు! దుకాణం ఆయన వచ్చి రెండు డిస్కులనూ పెట్టెలో బిగించి, పాతదానిలో ఉన్నవన్నీ కొత్తదానిలోకి ఎక్కించాడు. "ఒక వారం వాడి చూడండి. బాగుంటే పాతది ఫార్మాట్ చేసి సోమవారం తెచ్చివ్వండి" అని చెప్పి వెళ్ళాడు.

వారం గడవలేదు. నీలి తెర మళ్ళీ వచ్చింది. ఫోటోలు మళ్ళీ సగం సగం కనిపించసాగాయి. కొత్త డిస్కులో చూసినా అంతే, పాత డిస్కులో చూసినా అంతే. "ఇదేదో వైరస్. రెండు డిస్కులూ తుడిచేస్తే గాని వదలదు" అన్నారు నాన్న. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

సరిగ్గా ఆ శనివారం సాయంకాలం మామయ్య సెలవు పెట్టి వచ్చాడు. అమ్మమ్మ అతనికీ అమ్మే కదా. ఆ పాటలు మా అమ్మకు ఎంతో అతనికీ అంతే.

మామయ్య కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కంప్యూటరు ఆగిపోయి తిరిగి మొదలవుతున్నది. తెర మీద, డిస్కును పరీక్షించి తప్పులు దిద్దాలి, వద్దనుకుంటే పది సెకన్లలోగా ఏదో ఒక మీట నొక్కండి అని వచ్చింది. అంకెలు తగ్గిపోతున్నాయి. తొమ్మిది, ఎనిమిది, ఏడు... "దిద్దుకుంటుందిలే, మంచిదే కదా" అని నేను చూస్తూ నిలబడ్డాను. మామయ్య ఒక్క అంగలో వచ్చి మీట నొక్కేశాడు.

"జబ్బు ఏమిటో తెలియకుండా మందు వెయ్యకూడదురా" అన్నాడు. "ఇప్పటి నుంచి ఈ రెండు డిస్కుల్లో ఎవరూ ఒక్క అక్షరం రాయకండి. పోయిందనుకున్న ఫైలు చాలాసార్లు ఎక్కడికీ పోదు. దాని మీద కొత్తది రాసినప్పుడే నిజంగా పోతుంది."

తరువాత నన్ను ఒక నోటుబుక్కు తెమ్మన్నాడు. ఒక్కొక్క పరీక్ష పేరు, దాని ఎదురుగా ఫలితం రాయాలి. ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి. రెండు మార్చితే, నయమైనా ఏ మందుకు నయమైందో తెలియదు. ఇదీ మామయ్య పద్ధతి.

మొదటి పరీక్ష చెవితో. మామయ్య పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. హార్డ్ డిస్కులో అద్దంలా మెరిసే పళ్ళేలు ఉంటాయి. మా డిస్కులోవి నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతాయి. వాటి మీద చదివే ముల్లు పళ్ళేన్ని తాకకుండా గాలి పొర మీద తేలుతుంది. ఆ సందు కొన్ని నానోమీటర్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం దాదాపు లక్ష నానోమీటర్ల దాకా ఉంటుంది. ముల్లు దెబ్బతిన్న డిస్కు టక్కు టక్కుమని కొట్టుకుంటుంది. మా డిస్కు ఎప్పటిలా సన్నగా గుయ్యిమంటున్నది.

"1956లో అమెరికాలో ఐబీఎమ్ వాళ్ళు మొట్టమొదటి డిస్కు యంత్రం చేశారు" అని చెప్పాడు మామయ్య, చెవి తియ్యకుండానే. "అందులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. యంత్రం బీరువా కంటే పెద్దది. అయినా 50 లక్షల అక్షరాలే పట్టేవి. మా అమ్మ పాట ఒక్కటి పడితే గొప్ప!"

రెండో పరీక్ష డిస్కు చెప్పుకునే లెక్కలు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి తానే చిట్టా రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని చోట్లు చెడితే వేరే చోటికి మార్చుకున్నది, ఎన్ని చోట్లు చదవలేకపోయింది, అన్నీ అందులో ఉంటాయి. మామయ్య తన పెన్ డ్రైవ్‌లో తెచ్చిన ప్రోగ్రాముతో ఆ చిట్టా తెరిచాడు. చెడిన చోట్లు: సున్నా. చదవలేని చోట్లు: సున్నా. కొత్త డిస్కుకూ సున్నాలే.

మూడో పరీక్ష తీగ. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉండే తీగ వదులైతే అక్షరాలు దారిలో చెడవచ్చు. దానికీ చిట్టాలో ఒక లెక్క ఉంటుంది. అదీ సున్నాయే. అయినా మామయ్య తీగ మార్చి చూశాడు. గుణం లేదు.

నోటుబుక్కులో మూడు సున్నాలు చేరాయి. నాన్న విసుగ్గా, "డిస్కు బాగుంటే ఫోటో ఎందుకు చెడుతుందయ్యా?" అన్నారు.

అప్పుడు మా చెల్లెలు అన్నది: "తాతయ్య పంచె వచ్చేసిందిగా!"

అందరం తెర వైపు చూశాం. అది తాతయ్య షష్టిపూర్తి ఫోటోయే. పొద్దున కూడా సగం బూడిదగా ఉన్నది. ఇప్పుడు మామయ్య కంప్యూటరును ఆపి, మళ్ళీ మొదలుపెట్టి తెరిచేసరికి పంచె, పీటలు, పక్కన అమ్మమ్మ, అంతా నిక్షేపంలా ఉన్నది.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెల్లెలిని దగ్గరకు తీసుకుని, "పుస్తకంలో చెరిగిపోయిన అక్షరం దానంతట అది మళ్ళీ వస్తుందా అమ్మా?" అని అడిగాడు.

"రాదు."

"అయితే పుస్తకం చెడలేదన్నమాట."

మామయ్య మాకు చెప్పినది మీకూ చెబుతాను. కంప్యూటరులో డిస్కు పుస్తకం వంటిది. కరెంటు పోయినా అందులో రాసినది ఉంటుంది. ర్యామ్ పలక వంటిది. కంప్యూటరు దేన్ని చూడాలన్నా ముందు పుస్తకంలో నుంచి పలక మీదికి ఎక్కించుకుని, పలక మీద చూస్తుంది. ఒక పుస్తకంలో నుంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కించాలన్నా పలక మీదుగానే. కరెంటు తీస్తే పలక తుడుచుకుపోతుంది. ఆ పలక మీద ఎక్కడో ఒకచోట బీట ఉన్నదనుకోండి. అక్కడ పడిన అంకె తప్పుగా కనిపిస్తుంది. వేరేచోట పడినప్పుడు సరిగా కనిపిస్తుంది. పుస్తకంలో మాత్రం అంకె ఎప్పుడూ సరిగానే ఉన్నది!

ఒక్క అంకె తప్పితే ఏమవుతుందని మీరు అనుకోవచ్చు. కంప్యూటరుకు ఉన్న అంకెలు రెండే, సున్నా, ఒకటి. మన 100ను అది 01100100 అని రాసుకుంటుంది. అంటే 64, 32, 4 కలిపితే 100. అందులో 64 స్థానంలో ఉన్న ఒకటి సున్నాగా మారితే 00100100 అవుతుంది. అది 36. మీ దగ్గర ఉన్న నూరు రూపాయలు ఒక్క చుక్క చెడినందుకు ముప్పైఆరు రూపాయలైపోతాయి.

"ఇది అనుమానమే. రుజువు కావాలి" అన్నాడు మామయ్య. దానికి అతను చేసిన నాలుగో పరీక్ష నాకు అన్నిటి కంటే నచ్చింది. కిరాణా కొట్టు చీటీ కింద మొత్తం కూడి వేస్తారు కదా. పైన ఏ ఒక్క అంకె మారినా మొత్తం కుదరదు. అలాగే ఒక ఫైలులోని అంకెలన్నిటినీ కలిపి ఒక మొత్తం తీసే ప్రోగ్రాములు ఉన్నాయి. ఆ మొత్తాన్ని హ్యాష్ అంటారు. పిన్ని పెళ్ళి వీడియో మా కంప్యూటరులో అన్నిటి కంటే పెద్ద ఫైలు. అది ర్యామ్‌లో ఒక్కసారి పట్టదు కనుక ప్రతిసారీ డిస్కు నుంచి కొత్తగా చదవవలసిందే. మామయ్య దాని మొత్తం మూడుసార్లు తీయించాడు. నేను నోటుబుక్కులో రాశాను. ఒకే ఫైలుకు మూడుసార్లూ మూడు వేర్వేరు మొత్తాలు వచ్చాయి!

"చెడిన డిస్కు ఇలా మాట మార్చదు" అన్నాడు మామయ్య. "డిస్కు తాను రాసే ప్రతి ముక్క పక్కనా సరిచూసుకునే అంకెలు కొన్ని అదనంగా రాసుకుంటుంది. చదివేటప్పుడు కుదరకపోతే సరిదిద్దుకుంటుంది. దిద్దలేకపోతే, నేను చదవలేనని ఒప్పుకుంటుంది."

తన తప్పు తానే దిద్దుకునే ఈ అంకెల వెనుక ఒక కథ ఉన్నది. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు ఉండేవాడు. అతనికి అక్కడి లెక్కల యంత్రం వారాంతాల్లోనే దొరికేది. లెక్క పెట్టి ఇంటికి వెళ్ళేవాడు. మధ్యలో ఎక్కడైనా తప్పు వస్తే యంత్రం ఆ లెక్కను వదిలేసి ఇంకొకరి లెక్క మొదలుపెట్టేది. వరుసగా రెండు వారాలు ఇలా జరిగేసరికి హామింగ్‌కు కోపం వచ్చింది. "తప్పు ఉన్నదని తెలుసుకోగలిగిన యంత్రం, ఎక్కడ ఉన్నదో తెలుసుకుని దిద్దుకోలేదా?" అని ఆలోచించాడు. ఆ ఆలోచన ఫలితాన్ని 1950లో ప్రచురించాడు. కొన్ని అంకెలు అదనంగా చేర్చితే, వాటిని బట్టి ఏ అంకె చెడిందో పట్టుకోవచ్చు.

పెద్ద పెద్ద సంస్థల సర్వర్లలో వేసే ర్యామ్‌కు కూడా ఇటువంటి కాపలా ఉంటుంది. మా ఇంటి కంప్యూటరు ర్యామ్‌కు అది లేదు. అది తప్పు చెప్పినా ధైర్యంగా చెబుతుంది!

ఈ మాట విన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామయ్య, "ర్యామ్ కావచ్చు, మదర్‌బోర్డు కావచ్చు, కరెంటు ఇచ్చే డబ్బా కావచ్చు. ఒక్కొక్కటీ విప్పి పరీక్షించాలి. రెండు మూడు రోజులు పట్టవచ్చు" అన్నాడు. నాన్న, "సోమవారం పాత డిస్కు ఇవ్వకపోతే వాళ్ళు డబ్బు తగ్గించరు. కొత్తదానిలో అన్నీ ఎక్కించాం కదా" అన్నారు. మామయ్య సెలవు కూడా సోమవారంతో సరి.

నాకు నిద్ర పట్టలేదు. డాబా మీద అందరం పక్కలు వేసుకున్నాం. కొత్త డిస్కులోకి ఎక్కించినవి బీటలు వారిన పలక మీదుగా వెళ్ళాయి. వాటిలో ఎన్ని చెడ్డాయో దేవుడికి తెలియాలి. పాత డిస్కులో ఉన్నవే అసలు ప్రతులు. వాటినే తుడవబోతున్నారు. పలకకు బీట ఎక్కడిదో ఆ ఇంట్లో నాకు ఒక్కడికే తెలుసు.

లేచి మామయ్య పక్కన కూర్చున్నాను. "మామయ్యా, నేను మార్చాను" అన్నాను.

అసలు సంగతి ఇది. మా కంప్యూటరులో 512 ఎంబీ ర్యామ్ ఉండేది. కొత్త క్రికెట్ ఆట అందులో నత్తలా నడిచేది. 2011 దసరాకు అమ్మమ్మ నాకు 500 రూపాయలు ఇచ్చి బట్టలు కొనుక్కోమన్నది. నేను మా బడిలో ఒక పెద్ద తరగతి అబ్బాయి దగ్గర 450 రూపాయలకు వాడేసిన 1 జీబీ ర్యామ్ ముక్క కొన్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టె విప్పి బిగించాను. ఆట పరిగెత్తింది. అప్పుడప్పుడు కంప్యూటరు ఆగిపోయేది గాని, నేను పట్టించుకోలేదు. నాన్నకు చెబితే పెట్టె విప్పినందుకు తిడతారని భయం. తరువాత చెప్పడానికి ఇంకా భయం. నాన్న 4,500 పెట్టి డిస్కు కొన్న తరువాత ఇక నోరు రాలేదు.

మామయ్య లేచి కూర్చున్నాడు. తిడతాడని తల వంచుకున్నాను. "పద, కిందికి" అన్నాడు అంతే.

అర్ధరాత్రి దాటింది. మామయ్య మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామును పెన్ డ్రైవ్ నుంచి మొదలుపెట్టాడు. అది ర్యామ్‌లోని ప్రతి గదిలోనూ ఒక అంకె వేసి, తిరిగి చదివి సరిచూస్తుంది. మొదట రెండు ముక్కలూ ఉంచి నడిపించాడు. ఇరవై నిమిషాలకు తెర మీద ఎర్రని గీతలు రాసాగాయి. ఒక్కొక్క గీత ఒక్కొక్క తప్పు. నేను కొన్న ముక్కను తీసి, బంగారు రంగు పళ్ళను లబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. మురికి పట్టినా ఇటువంటి తప్పులు వస్తాయట. అయినా ఎర్రగీతలు వచ్చాయి. అప్పుడు దాన్ని తీసేసి, పాత ముక్కను ఒక్కదాన్నే ఉంచి తెల్లవారే దాకా నడిపించాడు. ఒక్క తప్పు కూడా రాలేదు.

1 జీబీ ర్యామ్‌లో చుక్కలు పట్టే గదులు 858 కోట్లకు పైగా ఉంటాయి. నేను కొన్న దానిలో చెడినవి ఏ కొద్దో గొప్పో! అందుకే ఆ గదుల వంతు వచ్చినప్పుడే తప్పు జరిగేది. మిగతా వేళల్లో అంతా బాగున్నట్టే కనిపించేది. మామయ్య ఆ పది సెకన్లలో మీట నొక్కకపోతే, డిస్కును దిద్దే ప్రోగ్రాము కూడా ఆ పలక మీదనే చూసి, ఒప్పును తప్పనుకుని దిద్ది, ఆ దిద్దుబాటును పాత పుస్తకంలో రాసిపారేసేది.

పొద్దున నాన్నకు నేనే చెప్పాను. ఆయన నా వైపు చాలాసేపు చూసి, "4,500 పోతే పోయాయి. మామయ్య ఫోనులో అడిగిననాడే చెప్పి ఉంటే బాగుండేదిరా" అన్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది నాకు.

పాత డిస్కును దుకాణానికి ఇవ్వలేదు. మామయ్య కొత్త డిస్కును తుడిచి, పాతదానిలో నుంచి మళ్ళీ అన్నీ ఎక్కించాడు. ఈసారి ప్రతి ఫైలుకూ ఇటు మొత్తం, అటు మొత్తం తీసి సరిచూశాడు. అన్నీ కుదిరాయి. నాన్న లెక్కలు తెరుచుకున్నాయి. ఫోటోలన్నీ బాగున్నాయి. అమ్మ ముఖం వికసించింది.

కాని మామయ్య నన్ను పక్కకు పిలిచి, "ఆ ముక్క బిగించిన తరువాత అమ్మ పాటలు ఏమైనా ఎక్కించావా?" అని అడిగాడు.

ఎక్కించాను. దసరా తరువాత, దీపావళికి ఊరు వెళ్ళినప్పుడు పాడించిన పాటలు ఆరు. అవి బీటల పలక మీదుగా డిస్కులోకి వెళ్ళాయి. తప్పు పడి ఉంటే అది పుస్తకంలోనే పడి ఉంటుంది. రికార్డరులో ఉన్న అసలువి నేనే చెరిపాను. తరువాత దానిలో వేరేవి కూడా రికార్డు చేశాం.

ఆ రాత్రి దీపం తగ్గించి, అందరం ముందుగదిలో కూర్చుని ఆ ఆరు పాటలూ విన్నాం. ఒకటి, రెండు, మూడు బాగున్నాయి. నాలుగో పాటలో, అప్పగింతల పాట అది, మధ్యలో చిటుక్కుమని శబ్దం వచ్చి ఒక మాట మింగుడుపడింది. ఐదోది బాగున్నది. ఆరో పాట చివర కాసేపు మాటలు తొక్కిసలాడి గరగరమన్నాయి. ఆ తరువాత అమ్మమ్మ గొంతు మళ్ళీ వచ్చి, "చాలా, ఇంకా పాడనా?" అని అడిగింది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది.

మింగుడుపడిన ఆ మాట ఏమిటని మామయ్య అడిగాడు. అమ్మ గుర్తు తెచ్చుకోవాలని చూసింది. పైన లైను పాడింది, కింద లైను పాడింది. మధ్యలోది రాలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగినా ఎవరికీ తెలియలేదు.

మరునాడు మామయ్య వెళుతూ పాటలన్నిటినీ ఒక డీవీడీలోనూ, తన పెన్ డ్రైవ్‌లోనూ ఎక్కించుకున్నాడు. "ఒక్క ప్రతి ఉంటే ఏమీ లేనట్టే లెక్క. రెండు ఉంటే ఒకటి ఉన్నట్టు. మూడు ఉండాలి. అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. ఎక్కించగానే సరిచూడాలి. సరిచూసేదాకా అసలుది చెరపకూడదు" అని నా నోటుబుక్కులో చివర రాసి ఇచ్చాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినప్పుడు మామయ్య ఇంట్లోకి నీళ్ళు వచ్చి అతని ప్రతులు పాడైపోయాయి. అప్పుడు తెనాలి నుంచి మేము మళ్ళీ పంపాం.

తరువాత చదువుకునే రోజుల్లో ఒక సంగతి తెలిసింది. 2003లో బెల్జియం దేశంలో బ్రస్సెల్స్ దగ్గర ఒక ఊళ్ళో కంప్యూటర్ల మీద ఎన్నిక జరిగితే, ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. 4,096 అంటే రెండును పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య. సరిగ్గా ఒక్క స్థానంలో సున్నా ఒకటిగా మారిందన్నమాట. ప్రోగ్రాములో తప్పు ఎంత వెతికినా దొరకలేదు. ఆకాశం నుంచి వచ్చిపడే కణం ఏదైనా తగిలి ఆ చుక్క మారి ఉంటుందని భావించారు. ఉండవలసిన వాటి కంటే ఓట్లు ఎక్కువ ఉన్నాయని లెక్క సరిచూసినప్పుడే అది బయటపడింది. అది చదివి, యంత్రాల తప్పులకు ఒక్కొక్కప్పుడు ఎవరూ కారణం కాదని తెలుసుకున్నాను. మా ఇంటి తప్పుకు మాత్రం కారణం ఉన్నది.

కిందటి సంక్రాంతికి మామయ్య కుటుంబం మా ఇంటికి వచ్చింది. అతని కూతురు ఆరో తరగతి చదువుతున్నది. నాయనమ్మను అది చూడనే లేదు. అమ్మ పాటలు పెట్టింది. అప్పగింతల పాట వచ్చింది. చిటుక్కుమన్నది.

"బావా, అక్కడ ఏమైంది?" అని అడిగింది ఆ పిల్ల.

మామయ్య నా వైపు చూశాడు. "చెప్పరా" అన్నాడు.

మొదటి నుంచి చెప్పాను.